ఎండ ఉన్నంతసేపే తెరిచి ఉండే పార్కు ఎవరి కోసం? చెరువుగట్టు పార్కుల అధికారులకు అనంతపురం నుంచి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను అనంతపురంలో ఇంటి దగ్గరే మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను. మా వీధి ఆడవాళ్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎండాకాలంలో మా చెరువుగట్టు పార్కు వేళలు మార్చమని సోమవారం అర్జీల రోజున కాగితం ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు మీ అర్జీ పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో చూద్దామని పోతే గేటు మీద అదే పాత బోర్డు: ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు. అడిగితే, మీ కాగితం వేరే శాఖకు పంపాం అన్నారు. ఆ శాఖవాళ్లు కట్ట మాత్రమే మాది, పార్కు మాది కాదన్నారు. ఒక్కొక్కరినీ విడిగా అడిగితే పని కావడం లేదు కాబట్టి అందరినీ కలిపి, పదిమందీ చదివేటట్టు అడుగుతున్నాం.

పార్కు పేరు రాయడం లేదు. రాస్తే మొదట మాట పడేది గేటు దగ్గర టికెట్లు చించే ఆయన. ఆయన తప్పేమీ లేదు. పైగా గట్టు మీద నడకదారి, జారుడుబండ, పడవ, టికెట్ గది ఉన్న పార్కులు చాలా ఊళ్లలో ఇదే అచ్చులో ఉన్నాయి. కంపచెట్లు కొట్టించి, గట్టు బాగు చేసి పార్కు పెట్టినందుకు సంతోషమే. ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. ఎండాకాలం సెలవుల్లో ఒక సంసారం, అంటే ఇద్దరు పిల్లలు, షుగరున్న అత్త, పనికి పోయే మొగుడు, పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ, అందరూ కలిసి చెరువు పార్కుకు పోవాలంటే ముందురోజు రాత్రే కూర్చుని అన్నీ అనుకోవాలి. ఎన్నింటికి పోవాలి, ఎక్కడ కూర్చోవాలి, నీళ్లెన్ని మోయాలి, ఎట్లా తిరిగి రావాలి. మా వీధిలో ఏ ఇంట్లో ఈ మాట మొదలైనా చివరికి వద్దులే అనే చోటికే వస్తుంది. ఎందుకు వస్తుందో వరుసగా చెబుతాను.

1. వేళ

ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో తిరగొద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఏటా చెబుతుంది. ఏ మండలంలో వడగాడ్పులు వీస్తాయో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ జాబితా విడుదల చేస్తుంది. ఆ మాట విని ప్రభుత్వమే తన గడియారం మార్చుకుంటుంది. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు పెట్టి, 7.45కు గంట కొట్టి, 12.30కు పిల్లలను ఇళ్లకు పంపుతారు. ఉపాధి పనికి పోయేవాళ్లు చల్లపూట పని చేసుకుని ఎండ ముదరకముందే గట్టెక్కుతారు. పార్కు ఒక్కటే సంక్రాంతికీ, రోహిణి కార్తెకూ అదే వేళ పాటిస్తుంది.

మే నెలలో మాకు ఆరు గంటల లోపే పొద్దు పొడుస్తుంది, ఆరున్నర దాటాకే గూకుతుంది. అంటే ఒంటికి హాయిగా ఉండే పొద్దుటి మూడు గంటలూ గేటుకు తాళం. సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండింటికైనా, వేడి ముదిరేది రెండున్నర నుంచి నాలుగు దాకా. రాతిబెంచీలు, సిమెంటు దారి అప్పటిదాకా తాగిన వేడిని ఆ తర్వాత కక్కుతూనే ఉంటాయి. సాయంత్రం నాలుగుకు టికెట్ కొన్నవాళ్లకు దక్కేది ఆ సెగ. ఆరింటికి గాలి చల్లబడి, గట్టు మీద ఇంకాసేపు కూర్చుందామనిపించే వేళకు ఈల ఊదుతారు.

మా వీధి మగవాళ్లలో బేల్దారులున్నారు, ఆటోవాళ్లున్నారు, బట్టల అంగళ్లలో నిలబడి పనిచేసేవాళ్లున్నారు. ఆరింటికి పని దిగేవాళ్లే అదృష్టవంతులు. ఈ బోర్డు ప్రకారం వాళ్లు తమ పిల్లలతో పార్కుకు పోవాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. ప్రవేశ రుసుము పది రూపాయలో ఇరవయ్యో అని మీరు అనుకుంటారు. మాకు అసలు టికెట్టు ఆ కూలి.

మేం ఒక్క గంట కూడా ఎక్కువ అడగడం లేదు. ఇప్పుడు తెరిచి ఉంచేది రోజుకు తొమ్మిది గంటలు. తెల్లవారి 5.30 నుంచి 10 వరకు నాలుగున్నర గంటలు, సాయంత్రం 4 నుంచి 8.30 వరకు నాలుగున్నర గంటలు. కూడితే అదే తొమ్మిది. మధ్యలో మూసేయండి, ఎవరూ బాధపడరు. ఆ వేళ లోపల ఉండేది రేకుల గదిలో చెమటలు కక్కుతున్న టికెట్ మనిషి, ఎక్కడికీ పోలేక కూర్చున్న ప్రేమజంటలు, అంతే.

2. నీడ

పార్కులో చెట్లు లేవనడం లేదు. బారుగా పెరిగి, నెత్తిన నాలుగు మట్టలు వేసుకునే అలంకారపు జాతులున్నాయి. వాటి కింద ఒక మనిషి నిలబడితే తల నీడలో, ఒళ్లు ఎండలో ఉంటుంది. కత్తిరించిన పొదలున్నాయి, ఇంగ్లీషు అక్షరాల ఆకారంలో పెంచిన మొక్కలున్నాయి. ప్రారంభోత్సవం ఫోటోల్లో చాలా బాగా పడ్డాయి.

వానలు దేశంలోనే అతి తక్కువగా పడే జిల్లాల్లో మాదొకటి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఈ నేలకు ఏ చెట్టు సరిపోతుందో మా ఊళ్లలో రచ్చబండల దగ్గర చూస్తే తెలుస్తుంది. వేప, కానుగ, చింత, రావి. వేపకూ కానుగకూ ఇంకో గుణముంది. చలికాలం పోయేటప్పుడు ఆకు రాల్చి, మార్చి, ఏప్రిల్‌లలో కొత్త చిగురేస్తాయి. సరిగ్గా ఎండలు మండే వేళకు చిక్కగా అవుతాయి. కానుగ నీడలో మంచమేసుకుని పడుకున్నవాళ్లెవరికీ ఇది చెప్పనక్కర్లేదు.

కట్ట మీద పెద్ద చెట్లు పెంచితే వేళ్లు దిగి కట్టలో నీటి ఊటకు దారి పడుతుందని ఇంజనీరు సార్లు అంటారు. నిజమే, కట్ట జోలికి పోవద్దు. కట్ట దిగువన పార్కు స్థలం ఎకరాల కొద్దీ బోడిగా ఉంది, అక్కడ నాటండి. అవి ఎదిగేదాకా ఆకు కప్పిన చలువపందిళ్లు, పచ్చ నెట్ పందిళ్లు చాలు. బెంచీల మాట కూడా చెప్పాలి. మే చివరికి మాకు పడమటి గాలి తిరుగుతుంది. నీళ్ల మీదుగా వచ్చిన గాలి తూర్పు ఒడ్డున కూర్చున్నవాళ్లకు తగులుతుంది. బెంచీలన్నీ పడమటి గోడకు ఆనించి వేశారు. అక్కడ చెరువు కనబడుతుంది, గాలి మాత్రం రాదు.

పిల్లల ఆట సామాన్లది వేరే కథ. జారుడుబండ ఇనుప రేకుది, నేరుగా పడమటి ఎండకు పెట్టారు. మధ్యాహ్నపు ఎండలో ఇనుప రేకు 60 డిగ్రీలకు పైగా కాలుతుంది. ఆ వేడికి పసిపిల్లల లేత చర్మం క్షణాల్లో బొబ్బలెక్కుతుంది. కింద పరిచిన నల్ల రబ్బరు చాపలూ అంతే, చెప్పులు వదిలిన పిల్లలు గంతులు వేస్తూ వెనక్కి వస్తారు. మా పక్కింటి పాపకు తొడ వెనక ఇప్పటికీ మచ్చ ఉంది. బండ మీద ఒక పందిరి వేసి, దాన్ని ఉత్తరం వైపు తిప్పితే తీరే సమస్య ఇది.

3. నీళ్లు, దాని వెంబడి మరుగుదొడ్డి

బయటి తిండి, బయటి నీళ్లు లోపలికి తేకూడదట. గేటు దగ్గర సంచి విప్పించి సీసాలు పక్కన పెట్టిస్తారు. ప్లాస్టిక్ చెత్త పెరగకూడదని అంటే అర్థం చేసుకుంటాం. స్టీలు చెంబులో తెచ్చిన మజ్జిగ, డబ్బాలో తెచ్చిన చిత్రాన్నం ఏం చెత్త పెడతాయి? లోపల ఒకటే అంగడి. అక్కడ నీళ్ల సీసా మీద అచ్చు వేసిన ధర కంటే ఎక్కువ తీసుకుంటారు. అలా అమ్మడం తూనికలు కొలతల చట్టం ప్రకారం నేరం. అడిగితే ఐస్ పెట్టినందుకు అంటారు.

కుళాయి ఉంది, బోరు నీళ్లు. మా జిల్లా నేలలో ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్తగా చెప్పాలా? ఊరూరా మంచినీటి పథకాలు ఎందుకు వేశారో మీ ఫైళ్లలోనే ఉంది. పార్కుకొచ్చిన పిల్లలకు మాత్రం ఆ బోరు నీళ్లే గతి.

ఇదే అంగట్లో తియ్యటి డబ్బా పానకాలు ఓఆర్ఎస్ అని చెప్పి అమ్మేవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. షుగరున్న ముసలావిడకు వడ తగిలిందని ఆ పానకం తాపితే ఏమవుతుందో ఆలోచించండి. అసలు ఓఆర్ఎస్ పొట్లం ఒకటి లీటరు శుభ్రమైన నీళ్లలో కలపాలి. పొట్లం సంచిలో పెట్టుకుని పోయినా, ఆ లీటరు నీళ్లు లోపల ఎక్కడా దొరకవు.

ఇప్పుడు మగ అధికారులకు ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను. పార్కులో ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం ఉంటుంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. తెరిచి ఉన్నరోజు నీళ్లు రావు. అందువల్ల మా ఆడవాళ్లు పార్కుకు పోవాలనుకున్న రోజు పొద్దుటి నుంచే నీళ్లు తాగడం తగ్గిస్తారు. 42 డిగ్రీల ఎండలో, నోరెండుతున్నా గుటక మింగి ఊరుకుంటారు. వడదెబ్బకు మనిషిని సిద్ధం చేయడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. నెలసరిలో ఉన్న ఆడపిల్లలు రామనే అంటారు. కాన్పు దగ్గరపడిన ఆడబిడ్డను తీసుకుపోయే ప్రశ్నే లేదు. మా అత్త వేసుకునే బీపీ మాత్ర ఒంట్లోని నీటిని బయటికి పంపే రకం, దానికితోడు వయసు మళ్లినవాళ్లకు దప్పికే సరిగా తెలియదు. ఆమెను నీళ్లు తాగమనాలంటే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూపించాలి. తాగునీటిని ఒక శాఖ, దొడ్డిని ఇంకో శాఖ చూసినంతకాలం మీకు ఈ రెండింటి ముడి కనబడదు.

మా ఊళ్లలో చలివేంద్రం పెట్టడానికి ఎవరూ టెండరు పిలవరు. నాలుగు కడవలు, ఇసుక, తడి గోనెసంచి, ఒక గరిటె. స్థలమివ్వండి చాలు, మా వీధివాళ్లమే మంచినీళ్లు మోసి పోస్తాం.

4. చెరువు

చెరువు చూడటానికే కదా జనం వచ్చేది. హంద్రీ-నీవా కాలువ నీళ్లు చేరే చెరువుల్లో ఇప్పుడు వేసవిలోనూ నీళ్లు నిలుస్తున్నాయి. మా చిన్నప్పుడు మే నెలలో చెరువంటే పగుళ్లిచ్చిన నేల, దాని మీద క్రికెట్. ఇప్పటి పిల్లలకు ఎండాకాలంలో నీళ్లు కనబడటం మంచి కాలమే. నీళ్లున్నాయంటే కాపలా కూడా ఉండాలి.

చెరువు లోపల మట్టి తవ్వుకుపోయిన చోట నిలువెత్తు గుంతలున్నాయి. నీళ్లు కప్పేశాక మోకాటి లోతులో నడుస్తున్నవాడు తర్వాతి అడుగులో మునిగిపోతాడు. ఎక్కడ గుంత ఉందో చెప్పే ఒక్క కట్టె, ఒక్క ఎర్రగుడ్డ లేదు. మెట్ల దగ్గర తాడు లేదు, గాలి నింపిన ట్యూబు కూడా లేదు. ఈత ప్రమాదకరం అని బోర్డుంది. ఈత రాని పిల్లవాడు మునిగేటప్పుడు బోర్డు దూకి పట్టుకోదు.

పడవ విషయం చేదుగానే చెప్పాలి. 2017 ఏప్రిల్ నెలాఖరులో, ఇదే జిల్లాలో, గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో పడవ బోల్తా పడి పదిమందికి పైగా పోయారు. వాళ్లు సరదాగా చెరువు చూద్దామని పడవెక్కిన బంధువులు. పోయినవాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. అదే ఏడాది నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవలు మునిగి ఏం జరిగిందో రాష్ట్రమంతా చూసింది. నదుల్లో జరిగినవాటికి కంట్రోల్ రూములు, తనిఖీలు అన్నారు. చెరువు పడవల దగ్గరికి ఆ తనిఖీ ఇంకా నడిచి రాలేదు. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో పార్లమెంటు లోతట్టు జలాల్లో తిరిగే పడవలకు కొత్త చట్టం చేసింది. దాని ప్రకారం మరపడవకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి. మా పార్కు పడవకు ఉన్నాయా? ఉంటే ఆ కాగితం టికెట్ గది గోడకు అంటించండి, చదువుకుంటాం. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, అన్నీ పెద్దవాళ్ల కొలత. ఆరేళ్ల పిల్లకు అది వేస్తే చేతులెత్తగానే పైకి జారిపోతుంది. బట్టలు కుట్టేదాన్ని కాబట్టి కొలత విషయంలో నా మాట నమ్మండి.

చెరువులో పుట్టి వేసి చేపలు పట్టేవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఏ మూల ఎంత లోతో వాళ్లకు కళ్లు మూసుకున్నా తెలుసు. సెలవుల నెలలకు ఇద్దరిని జీతానికి పెట్టుకుంటే గజ ఈతగాళ్లను ఎక్కడినుంచో పిలిపించే పనుండదు.

5. బస్సు

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. మంచి పని. పార్కు స్టాపులో బస్సు ఆగేది పట్టపగలే. స్టాపుకు నీడ లేదు. సాయంత్రం చివరి బస్సు పోయాక ఆటోకు ఇచ్చే డబ్బుతో ఇంటిల్లిపాదికీ ఒక పూట ఉగ్గాని, బజ్జీ వస్తాయి. వేళలు మారిస్తే బస్సు వేళా మారాలి. దీని మీద ఇంతకంటే చెప్పేదేం లేదు.

6. వడదెబ్బ తగిలితే

2015 వేసవిలో దేశమంతా వడగాడ్పులకు రెండువేలమందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. కూలీలు, ముసలివాళ్లు. వడదెబ్బ అంటే ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి తికమకపడే స్థితి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ నాలుగు మాటలు పార్కు సిబ్బందిలో ఎవరికైనా నేర్పారా? ప్రథమ చికిత్స పెట్టె తెరిచి చూస్తే టికెట్ పుస్తకాలున్నాయి. నీడ, నీళ్లు రెండూ లేని చోట వడదెబ్బకు ప్రథమ చికిత్స ఎక్కడ చేయాలి?

ఇవి ఇలాగే ఉంటే జనం ఇళ్లలో కూర్చుంటారని మీరనుకుంటే పొరపాటు. రేకుల ఇంట్లో మధ్యాహ్నం కూర్చోవడం ఎట్లుంటుందో, కరెంటు పోయిన రాత్రి ఎట్లుంటుందో ఉన్నవాళ్లకే తెలుసు. కారున్నవాళ్లు బెంగళూరు మాల్‌కో, హార్స్‌లీ హిల్స్‌కో పోతారు. లేనివాళ్ల పిల్లలు కాలువకు, కంకర క్వారీ గుంతకు, చెరువులో కంచె లేని మూలకు పోతారు. అక్కడ టికెట్టూ లేదు, వేళా లేదు, ఈల ఊదేవాడూ లేడు. ప్రతి సెలవుల్లో జిల్లా పేజీలో ఈతకు పోయి అని మొదలయ్యే వార్తలు మీరూ చదువుతూనే ఉన్నారు. ఆ వార్తల్లోని పిల్లలను నిర్లక్ష్యంగా వదిలేశారని తల్లిదండ్రులను అంటారు. ఊళ్లో పిల్లలు క్షేమంగా నీళ్ల పక్కన ఆడుకునే ఒకే ఒక్క చోటు చల్లపూట తాళం వేసి ఉందని ఎవరూ రాయరు.

గేటు బయట కూర్చునే నన్నారి షర్బత్, దోసకాయ ముక్కల వాళ్లకూ ఇదే దెబ్బ. వాళ్ల బేరం చల్లపూటది. మనుషులు లేని మధ్యాహ్నం గొడుగు కింద కూర్చుని ఈగలు తోలుకుంటారు.

మేం అడిగినప్పుడు రెండు అభ్యంతరాలు చెప్పారు. చీకటి పడితే తాగుబోతులు చేరుతారు అన్నది ఒకటి. ఇప్పుడు చేరడం లేదా? ఆరింటికి గేటు మూశాక గోడ దూకేదెవరో, పొద్దున ఊడ్చే అమ్మకు దొరికే సీసాలెవరివో కనుక్కోండి. పిల్లలు, ముసలివాళ్లు, సంసారాలు ఎనిమిదిన్నర దాకా తిరిగే చోట తాగేవాడికే బెరుకు. దీపాల ఖర్చు, పక్షులకు ఇబ్బంది అన్నది రెండోది. పక్షుల మాట సరైనదే, మాకూ కావాలి అవి. దీపాలు మోకాటి ఎత్తున, దారి వైపు తిప్పి పెట్టండి, నీళ్ల మీదికి వద్దు. రంగులు మారే ఫోకస్ లైట్లు ఇప్పుడు ఎవరూ లేని గట్టు మీద రాత్రంతా వెలుగుతున్నాయి. వాటిని తీసేస్తే ఖర్చు కలిసొస్తుంది.

సిబ్బంది గురించి కూడా అడగాలి. రెండు పూటల డ్యూటీ వాళ్లకు కష్టమైతే మనుషులను పెంచండి, లేదా పూటకొకరిని పెట్టండి. మాకు నీడ రావడానికి వాళ్ల నిద్ర పోకూడదు.

చివరిగా, ఇది ఎవరి పని అన్న ప్రశ్న. పక్కన కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనముంది. విజయనగర రాజుల కాలంలో చెరువు ఎట్లా కట్టాలో అందులో చెక్కించారు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పి, ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్ట నుంచి నీళ్లు ఊరడం ఒక దోషం, చవుడు నేల ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఇంకో దోషం. 1369లోనే తెలిసిన సంగతి ఇది. మా చెరువు రెండు కాదు, నాలుగు రాజ్యాల సరిహద్దులో ఉంది. కట్ట ఒకరిది, నీళ్లు ఒకరివి, మొక్కలు ఒకరివి, టికెట్ డబ్బులు ఇంకొకరివి. అర్జీ మాత్రం ఎవరిదీ కాదు. ఆ కాలంలో సరిహద్దు మార్చడానికి యుద్ధాలు చేయాల్సి వచ్చేది. మీకు ఒక్క మీటింగు చాలు.

మేం అడుగుతున్నవి:

1. మార్చి 15 నుంచి జూన్ నెలాఖరు దాకా పార్కు వేళలు ఉదయం 5.30 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8.30. ఈ ఉగాది లోపే బోర్డు మారాలి. దీనికి పైసా ఖర్చు లేదు, సంతకం చాలు.

2. వడగాడ్పుల హెచ్చరిక వచ్చిన రోజు గేటు దగ్గర ఆ సంగతి పెద్ద అక్షరాలతో తెలుగులో రాయాలి. వేళలు మారేలోపు కూడా ఆ రోజు మధ్యాహ్నం టికెట్ ఇవ్వకూడదు.

3. జారుడుబండ, ఊయల, టికెట్ వరుస, బస్ స్టాపు, ఈ నాలుగు చోట్ల ఏప్రిల్ లోపు పందిళ్లు. తొలకరికి వేప, కానుగ, చింత మొక్కలు. నాటినవాటికి మూడేళ్లు నీళ్లు పోసే బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉండాలి. నాటిన రోజు ఫోటో మాకు అక్కర్లేదు.

4. ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు, మజ్జిగ, తిండి ఆపకూడదు. ప్లాస్టిక్ సంచులు ఆపండి, ఒప్పుకుంటాం. లోపల చలివేంద్రానికి చోటివ్వాలి. అంగట్లో ముద్రించిన ధరకే అమ్మించాలి.

5. ఆడవాళ్ల మరుగుదొడ్డి పార్కు తెరిచి ఉన్నంతసేపూ తెరిచి ఉండాలి. నీళ్లు, లోపల గొళ్లెం, దీపం, చెత్తబుట్ట ఉండాలి. తాళం చెవి ఎవరి దగ్గరుందో వాళ్ల హోదా, ఫోన్ నంబరు తలుపు మీద రాయాలి.

6. పడవకు సర్వే, రిజిస్ట్రేషన్ కాగితాలు అందరికీ కనబడేటట్టు పెట్టేదాకా పడవ ఆపాలి. పిల్లల కొలత లైఫ్ జాకెట్లు, ఒడ్డున తాడు, ట్యూబులు, గుంతల దగ్గర గుర్తులు, సెలవుల్లో ఇద్దరు స్థానిక ఈతగాళ్లు ఉండాలి.

7. సిబ్బందికి వడదెబ్బ ప్రథమ చికిత్స నేర్పాలి. 108కు ఫోన్ చేసేవాళ్లు చెప్పాల్సిన చిరునామా, గేటు నంబరు అక్కడక్కడా రాసిపెట్టాలి.

8. వీటన్నిటికీ జవాబుదారీగా ఒకే ఒక్క అధికారిని నియమించాలి.

ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాం. రాకపోతే ఇవే ఎనిమిది అంశాల మీద సమాచార హక్కు చట్టం కింద నాలుగు శాఖలకూ విడివిడిగా దరఖాస్తులు పెడతాం. ఫారాలు ఇప్పటికే తెచ్చుకున్నాం. పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ మాత్రం దయచేసి పంపవద్దు.

ఇట్లు,
అనంతపురంలోని ఒక వీధి ఆడవాళ్లు,
వాళ్ల తరఫున బట్టలు కుట్టే ఒక తల్లి